యాభై వేలతో ప్లేస్టేషన్ మెడలు వంచడం ఎలా?

తమ్ముడూ, అడిగేవాడికి చెప్పేవాడు లోకువంటారు. అయినా అడిగావు కాబట్టి చెప్తాను. నీ ఫ్రెండు ప్లేస్టేషన్ 5 కొన్నాడు. డబ్బా విప్పాడు, టీవీకి వైరు గుచ్చాడు, సోఫాలో కాళ్లు ముడుచుకుని ఆడేసుకుంటున్నాడు. ఇందులో విద్వత్తు ఎక్కడుంది? రైస్ కుక్కర్ కొన్నవాడికీ వాడికీ తేడా ఏముంది? అదే డబ్బుతో నువ్వు పార్టు పార్టూ ఏరి, బేరమాడి, బిగించి, వాడి డబ్బాని తలదన్నే గేమింగ్ కంప్యూటర్ తయారుచెయ్యాలి. ఎందుకు? ఆటలు ఆడటానికి అనుకునేవు. ఆడటానికైతే వాడు కొన్నదే చాలు. మనం చేసేది వాదన గెలవడానికి. ఈ సంగతి మనసులో పెట్టుకుంటే కింద చెప్పినవన్నీ ఇట్టే బోధపడతాయి.

మొదట కాగితం మీద లెక్క రాయి. ప్లేస్టేషన్ 5 మన దేశంలో అమ్మకానికి వచ్చింది 2021 ఫిబ్రవరి 2న, డిస్క్ మోడల్ 49,990 రూపాయలకి. తర్వాత ధర పెరిగిందనుకో, అది వాడి ఖర్మ. నీ బడ్జెట్ యాభై వేలు. ప్రాసెసర్, మదర్‌బోర్డు, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, గ్రాఫిక్స్ కార్డు, కేబినెట్ అని రాసి కూడు. యాభై వేలకి సరిపోయింది కదా? అక్కడ గీత గీసెయ్. మానిటర్ రాయకు, ఎందుకంటే అది కంప్యూటర్ కాదు, తెర. కీబోర్డు, మౌసు ఇంట్లో ఎక్కడో పాతవి ఉంటాయి. చవక మదర్‌బోర్డులో వైఫై ఉండదు, దానికో చిన్న అడాప్టర్ కావాలి. చిన్నదే కదా, లెక్కలో ఎందుకు? కరెంటు పోతే కంప్యూటర్ టపుక్కున ఆరిపోకుండా యూపీఎస్ కావాలి, కరెంటు పోదనుకో. ప్లేస్టేషన్‌తో కంట్రోలర్ వస్తుంది, నీకు రాదు. మగాడనేవాడు మౌస్‌తో ఆడాలని ఒక సిద్ధాంతం పెట్టుకో. వాడి లెక్కలో మాత్రం టీవీ ధర, సోఫా ధర, వీలైతే ఆ గది అద్దె కూడా కలపాలి.

విండోస్ సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. హోమ్ ఎడిషన్ న్యాయంగా కొంటే పది వేలకి అటూ ఇటూ అవుతుంది. అంటే నీ బడ్జెట్‌లో ఐదో వంతు. న్యాయంగా కొన్నవాణ్ని నువ్వు ఎక్కడైనా చూశావా? యాక్టివేట్ చెయ్యకుండానే వాడు. తెర కింద కుడి మూలన 'యాక్టివేట్ విండోస్' అని లేత బూడిద రంగు అక్షరాలు ఎప్పుడూ కనిపిస్తూ ఉంటాయి. ఆటలో శత్రువు సరిగ్గా ఆ మూల నుంచే వస్తాడు. కొన్నాళ్లకి కన్ను అలవాటుపడుతుంది.

అసలు కన్సోల్ అంత చవగ్గా ఎలా ఇస్తున్నారని మాత్రం ఆరా తియ్యకు. తీస్తే ఉత్సాహం చచ్చిపోతుంది. సోనీ వాళ్లు 2021 ఆగస్టులో, డిస్క్ ప్లేస్టేషన్‌ని ఇక నష్టానికి అమ్మడం లేదని చెప్పుకున్నారు. అంటే అంతవరకూ నష్టానికే అమ్మారన్నమాట. వాళ్లు చిప్పులు లక్షల్లో చేయించుకుంటారు. నువ్వు కౌంటర్ దగ్గర నిలబడి ఒకటి అడుగుతావు, అదీ 'లాస్ట్ ప్రైస్ చెప్పు భయ్యా' అంటూ. డబ్బా మీద పోగొట్టుకున్నది వాళ్లు ఆటల మీద రాబట్టుకుంటారు. పెద్ద ఆట కొత్తగా వస్తే ఐదు వేలకి అటూ ఇటూ పెట్టాలి, కొన్న ఆటని ఆన్‌లైన్‌లో నలుగురితో ఆడాలంటే పైన చందా కట్టాలి. నీకు ఆ చందా లేదు, స్టీమ్ అనే ఆన్‌లైన్ దుకాణం సేల్‌లో పాత పెద్ద ఆటలు కొన్ని వందలకే దొరుకుతాయి. నిజానికి మూడు నాలుగేళ్లు ఓపిగ్గా లెక్క కడితే నీ పక్షాన గట్టిగా నిలబడే వాదన ఇదొక్కటే. కానీ ఇందులో పంచ్ లేదు, ఓపిక కావాలి. పక్కన పెట్టెయ్. ఎపిక్ స్టోర్ వాళ్లు 2020 మే నెలలో జీటీఏ 5ని ఉచితంగా పంచిపెట్టినప్పుడు నువ్వూ తీసుకుని ఉంటావు. ఒక్కసారైనా ఇన్‌స్టాల్ చేశావా? లైబ్రరీలో ఉండటం ముఖ్యం, ఆడటం కాదు.

వాదనకి పనికొచ్చే మాట టెరాఫ్లాప్స్, అంటే గ్రాఫిక్స్ చిప్పు లెక్కల వేగం. ప్లేస్టేషన్ 5ది 10.28. ఈ అంకెని రోజుకి మూడు పూటలా తలచుకో. ఏ గ్రాఫిక్స్ కార్డు దీనికి సమానం అని ఎవరైనా అడిగితే, కన్సోల్ లోపల ఉన్నది 36 కంప్యూట్ యూనిట్ల ఏఎమ్‌డీ చిప్పు, సరిగ్గా 36 ఉన్న ఆర్‌ఎక్స్ 6700 దానికి దగ్గరి చుట్టం, 28 ఉన్న ఆర్‌ఎక్స్ 6600 కాస్త దూరపు చుట్టం అని చెప్పొచ్చు. చెప్పకు. అలా చెప్తే బడ్జెట్‌లో సగం కార్డుకే పోతుంది. నువ్వు డబ్బా మీద జీబీలు చూసి కొను. జీటీ 730 అని 2014 నాటి కార్డు ఒకటుంది, 4 జీబీ అని పెద్దక్షరాలతో దొరుకుతుంది. ప్లేస్టేషన్ 5లో మెమరీ సెకనుకి 448 జీబీల వేగంతో పరుగెడుతుంది. ఈ కార్డు డీడీఆర్3 రకంలో ఆ వేగం ముప్పై కూడా దాటదు. అయితేనేం, డబ్బా మీద అచ్చేసింది వేగం కాదు కదా!

ఇక కేబినెట్. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, ముందు కొనాల్సింది ఇదే. ప్రాసెసర్ ఏమిటో తేలకముందే ఇది ఇంటికి రావాలి. ముందంతా అద్దం ఉన్నది తీసుకో, వెనక నాలుగైదు రంగుల ఫ్యాన్లు గిరగిరా తిరుగుతుండాలి. అద్దంలోంచి గాలి దూరదని ఎవరో అంటారు. ఫ్యాన్లు తిరుగుతున్నాయా లేదా? విజయవాడలో మే నెల మధ్యాహ్నం లోపల ఎంత వేడి ఉంటుందో చూపించే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి, వాటిని ఇన్‌స్టాల్ చెయ్యకు. మీ నాన్నగారు వచ్చి 'ఈ లైట్లెందుకురా?' అంటారు. 'కూలింగ్‌కి నాన్నా' అను. ఆయన మారు మాట్లాడరు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం, ఎస్‌ఎమ్‌పీఎస్, అంటే పార్టులన్నిటికీ కరెంటు పంచే డబ్బా. దీని మీద పైసా పెట్టకూడదు. కారణం చాలా సులువు: అది కనిపించదు. కేబినెట్ అడుగున ఒక రేకు వెనక దాక్కుని ఉంటుంది, దానికి లైట్లుండవు, దాన్ని ఫోటో తీసి స్టేటస్ పెట్టినవాణ్ని నేను ఇంతవరకు చూడలేదు. కౌంటర్లో కుర్రాడు 'కేబినెట్‌తో ఇది ఫ్రీ అన్నా, 450 వాట్స్, మస్తు నడుస్తది' అంటాడు. కళ్లకద్దుకుని తీసుకో. దాని పక్కన ఒక స్టిక్కరు ఉంటుంది, మీద 450 అని బొద్దు అక్షరాలు, కింద చీమల్లాంటి అంకెలతో ఒక పట్టిక. ఆ పట్టిక చదవద్దు. చదివావే అనుకో, ప్లస్ 12 వోల్టులు అన్న గడి కింద 14 ఆంపియర్లు అని ఉంటుంది. పన్నెండు పద్నాలుగులు నూట అరవై ఎనిమిది. అంటే అసలు సరుకు 168 వాట్లు. ప్రాసెసరూ గ్రాఫిక్స్ కార్డూ తాగేదంతా ఆ గడిలోంచే. మిగతా వాట్లు ఏమయ్యాయంటే, 3.3 వోల్టుల గడిలోనూ 5 వోల్టుల గడిలోనూ పంచారు. వాటి అవసరం ఇప్పటి కంప్యూటర్లకి చాలా కొద్ది. అన్ని గడులూ హెచ్చవేసి, కూడి, కూడినా సరిపోకపోతే కాస్త ఉదారంగా చూసి 450 అచ్చేస్తారు.

ఇప్పుడు నా మాట వినకుండా ఆర్‌ఎక్స్ 6600 కొన్నావే అనుకో, ఆ కార్డు ఒక్కటే 132 వాట్లది. రైజెన్ 5 5600 ప్రాసెసర్ 65 వాట్లది. రెండూ కలిపితే 197. ఫ్యాన్లూ, ఎస్‌ఎస్‌డీ, నీ రంగుల లైట్లూ ఇంకా లెక్కలోకే రాలేదు. 168లోంచి 197 ఎలా తీస్తావని లెక్కల మాస్టారులా అడక్కు. మొదట్లో కంప్యూటర్ బాగానే నడుస్తుంది. ఆట మంచి రసపట్టులో ఉండగా దానంతటదే ఆరిపోయి మళ్లీ లేస్తుంది. అప్పుడు 'విండోస్ అప్‌డేట్' అని గొణుక్కో. 80 ప్లస్ ముద్ర ఉన్న మంచి ఎస్‌ఎమ్‌పీఎస్‌కి రెండు మూడు వేలు ఎక్కువవుతాయి, చేత్తో పట్టుకుంటే బరువుగా తగులుతుంది, గ్రాఫిక్స్ కార్డుకి వెళ్లే వైరు అందులోంచే సొంతంగా వస్తుంది. ఫ్రీగా వచ్చినదాన్ని చిటికెన వేలితో ఎత్తొచ్చు. బస్సులో తీసుకెళ్లడానికి ఎంత సుఖం! పైగా అది ఒంటరిగా పోయే రకం కాదు, పోతూ పోతూ మదర్‌బోర్డునీ కార్డునీ తోడు తీసుకెళ్తుంది.

ర్యామ్ దగ్గర రెండు ముక్కలు. 16 జీబీ కొనేటప్పుడు 8, 8 కాకుండా ఒకే పుల్ల తీసుకో. రెండు పుల్లలైతే మెమరీకి రెండు దారులు తెరుచుకుని ఆట సాఫీగా సాగుతుంది, కానీ ఒక్కటైతే 'రేపు ఇంకోటి వేస్తా' అనే ఆశ మిగులుతుంది. మనిషికి ఆశ ముఖ్యం. 3200 అని డబ్బా మీద ఉన్నా బయోస్‌లోకి వెళ్లి ఎక్స్‌ఎమ్‌పీ అనే సెట్టింగ్ ఆన్ చెయ్యకపోతే ర్యామ్ అంతకన్నా నెమ్మదిగానే నడుస్తుంది. బయోస్ అంటే నీలం తెరలూ ఇంగ్లిషూ, మనకెందుకు. ఇక ముహూర్తమంటావా, 2025 చివర్లో ఏఐ డేటా సెంటర్లు మెమరీ చిప్పుల్ని ఎగరేసుకుపోవడంతో ర్యామ్ ధరలు కొండెక్కి కూర్చున్నాయి. క్రూషియల్ పేరుతో మనలాంటివాళ్లకి ర్యామ్ అమ్మిన మైక్రాన్ కంపెనీ, 2025 డిసెంబర్‌లో ఆ చిల్లర వ్యాపారం నుంచి తప్పుకుంటున్నామని ప్రకటించేసింది. ఇలాంటప్పుడు మొదలుపెట్టడమే మగతనం.

కొత్త పార్టులకి డబ్బు చాలకపోతే సెకండ్ హ్యాండ్ అనే మహాసముద్రం ఉంది. 2022 సెప్టెంబర్ 15న ఎథీరియం అనే క్రిప్టో నాణెం వాళ్లు పద్ధతి మార్చుకోవడంతో గ్రాఫిక్స్ కార్డులతో ఆ నాణేలు తవ్వే పని ఒక్కరోజులో ఆగిపోయింది. అప్పటిదాకా రాత్రింబవళ్లు కాలిన కార్డులన్నీ దులిపి, తుడిచి, 'పర్సనల్ యూజ్, ఓన్లీ వేలరెంట్ గేమ్' అనే వివరణతో అమ్మకానికొచ్చాయి. ఫ్యాన్ బేరింగులు అరిగిపోయాయంటారు. ఉద్యోగానికైతే అనుభవం అడుగుతారే, కార్డుకి ఉంటే తప్పా? ఆర్‌ఎక్స్ 580 అని ఉండి పక్కన 2048 ఎస్‌పీ అని చిన్నగా కనిపిస్తే, అది 570కే కొత్త పేరు అని కొందరు పెదవి విరుస్తారు. అసలు 580లో ఉండేవి 2304 కోర్లు. తక్కువైనవి 256 మాత్రమే, రెండు పుల్లల ర్యామ్ వేసుకోనివాడికి ఇదొక లోటా?

సగం ధరకే జీటీఎక్స్ 1050 టీఐ కనిపిస్తే అస్సలు వదలకు. వెనక నీలం రంగు వీజీఏ పోర్టు కూడా ఉంటే బోనస్ అనుకో. ఆ తరం ఎన్విడియా చిప్పుల్లో వీజీఏ సిగ్నల్ ఇచ్చే ఏర్పాటే లేదు కదా, మరి ఆ పోర్టు ఎలా వచ్చిందని నీలుగుతారు గిట్టనివాళ్లు. ఎప్పటిదో జీటీఎస్ 450 కార్డుకి బయోస్ మార్చి కొత్త పేరు తగిలిస్తే ఇలాంటివి పుడతాయి. విండోస్ పాపం నమ్మేస్తుంది, పేరు అదే చూపిస్తుంది. జీపీయూ-జెడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ మాత్రం 2018 నుంచి ఇలాంటి కార్డుల పేరు ముందు 'ఫేక్' అని రాసి పరువు తీస్తోంది. అమ్మేవాడి ఎదురుగా దాన్ని నడిపించి చూడటం అమర్యాద.

ఇంకో రాజమార్గం, ఆఫీసుల్లోంచి వదిలించుకున్న పాత బ్రాండెడ్ డబ్బా. మూడో తరం ఐ5, సన్నగా, నల్లగా, ముద్దుగా ఉంటుంది. అందులో గ్రాఫిక్స్ కార్డు పెడదామంటే మూత పడదు. మూత ఎందుకు, తీసేసి ఆడుకో. కార్డుకి 6 పిన్నుల కరెంటు వైరు కావాలంటే ఆ ఎస్‌ఎమ్‌పీఎస్‌లో ఉండదు. హార్డ్ డిస్కుకి వెళ్లే సాటా వైరుని 6 పిన్నులుగా మార్చే కన్వర్టర్ ఒకటి అమ్ముతారు. సాటా మొన 12 వోల్టుల మీద మోయగలిగింది నాలుగున్నర ఆంపియర్లు, అంటే 54 వాట్లు. 6 పిన్నుల మొన నుంచి కార్డు అడగగలిగింది 75. తేడా ఎటు పోతుందంటే, వాసన రూపంలో బయటికొస్తుంది. వైరే అక్కర్లేకుండా స్లాట్ నుంచే 75 వాట్లతో సర్దుకునే జీటీఎక్స్ 1650లు ఉన్నాయి, పొట్టి రకాలు కూడా దొరుకుతాయి. కానీ వాటితో థ్రిల్ లేదు.

ఆ పాత డబ్బాకి విండోస్ 11 అధికారికంగా ఎక్కదు, ఇంటెల్ అయితే ఎనిమిదో తరం నుంచే. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. అడ్డదారిలో 11 ఎక్కించావే అనుకో, వేలరెంట్ తెరిస్తే టీపీఎమ్ 2.0 అనే భద్రతా చిప్పు ఏదని, సెక్యూర్ బూట్ ఏదని నిలదీసి బయటే నిలబెడుతుంది. అప్పుడు మైన్‌స్వీపర్ ఆడుకోవచ్చు, దానికి ఎఫ్‌పీఎస్ (సెకనుకి ఫ్రేములు) అద్భుతంగా వస్తుంది.

పార్టులు కొనడానికి సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఉంది. పనీపాటా లేనివాళ్లు అంతస్తులన్నీ తిరిగి, నాలుగు కౌంటర్లలో కొటేషన్లు రాయించుకుని, మోడల్ నంబర్లతో సహా పక్కపక్కన పెట్టి చూసుకుంటారు. నువ్వు మొదటి కౌంటర్ దగ్గరే ఆగిపో. ఎక్కడైనా సరే, నోరు తెరవగానే చెప్పాల్సిన మాట: 'యాభై వేలున్నాయి, గేమింగ్‌కి ఏదైనా ఇవ్వండి.' ఆ 'ఏదైనా' అన్న మాట విన్న కౌంటర్ వెనక ముఖాలు ఎలా వెలుగుతాయో చూసి తీరాలి.

బిగించడం గురించి పెద్దగా చెప్పేదేం లేదు. ఏఎమ్4 ప్రాసెసర్‌కి కింద సన్నటి పిన్నులుంటాయి, కూర్చోకపోతే గట్టిగా నొక్కు. కూలర్ అడుగున 'తీసేయండి' అని రాసి ఉన్న ప్లాస్టిక్ పొర ఉంటే అది వారంటీ స్టిక్కర్ అనుకుని జాగ్రత్తగా ఉంచు. అన్నీ అయ్యాక మానిటర్ వైరుని పైన, మదర్‌బోర్డు రంధ్రంలో గుచ్చు. రైజెన్ 5 5600 లోపల గ్రాఫిక్స్ ఉండవు కాబట్టి తెర నల్లగానే ఉంటుంది. కార్డు పోయిందని తేల్చేసి, కేబినెట్‌ని ఆటోలో ఒళ్లో పెట్టుకుని మళ్లీ పార్క్‌లేన్ వెళ్లు. కుర్రాడు ఆ వైరు పీకి జానెడు కింద, గ్రాఫిక్స్ కార్డులో గుచ్చి 'అయిపోయింది అన్నా' అంటాడు. 'లూజ్ కాంటాక్ట్ అనుకుంటా' అని గంభీరంగా తలాడించు.

ఇంట్లో డబ్బు అడిగేటప్పుడు కోడింగ్ అని చెప్పు, ఇప్పుడైతే ఏఐ అని చెప్పడం ఇంకా నయం. పొరపాటున దాని మీద నిజంగా కోడింగ్ నేర్చుకునేవు, ప్రాజెక్టు రిపోర్టులు రాసుకునేవు, వీడియోలు ఎడిట్ చేసి నాలుగు డబ్బులు సంపాదించేవు. కన్సోల్ చెయ్యలేని పని కంప్యూటర్ చేస్తుందని అందరికీ తెలిసిపోతుంది. వాదన అంత తేలిగ్గా గెలిస్తే మజా ఏముంది?

ఫ్రెండుని పిలిచి చూపించే రోజు ఆట ఎంపిక వాడికి వదలకు. వేలరెంట్ పెట్టు, మూల ఎఫ్‌పీఎస్ కౌంటర్ 200 చూపిస్తుంటే ఆ అంకె మీదే వేలు పెట్టి మాట్లాడు. మానిటర్ 60 హెర్ట్జ్‌దే, అందులో 60 మాత్రమే కనిపిస్తాయని వాడు అంటే అసూయ అను. 'ద లాస్ట్ ఆఫ్ అస్' మొదటి భాగం పెట్టమంటే మాట దాటెయ్. అది 2023 మార్చిలో కంప్యూటర్లకి వచ్చినప్పుడు 8 జీబీ కార్డులకే చెమటలు పట్టించింది, మొదటిసారి తెరిస్తే షేడర్లు తయారుచేసుకుంటూ కూర్చునేది. వాడు ఆ ఆట అంతకు ముందు ఏడాదే ఆడేసి డిస్క్ ఇంకొకడికి అమ్మేసి ఉంటాడు. జీటీఏ 5 కన్సోళ్లకి 2013 సెప్టెంబర్‌లో వస్తే కంప్యూటర్లకి వచ్చింది 2015 ఏప్రిల్‌లో. వాడు ఇది ఎత్తితే, మనం ఆలస్యంగా ఆడినా మంచి గ్రాఫిక్స్‌తో ఆడతామని చెప్పు. జీటీ 730 మీద చెప్పేటప్పుడు మాత్రం గొంతు కాస్త తగ్గించు.

బిల్లు సంగతి మర్చిపోయాను. 'బిల్లు వద్దంటే తగ్గిస్తా' అని ఎవరైనా అంటే ఎగిరి గంతెయ్, 18 శాతం జీఎస్టీ మిగిలినట్టే. ఆ డబ్బుతో ఇంకో రెండు రంగుల ఫ్యాన్లు వస్తాయి. కొత్త గ్రాఫిక్స్ కార్డులకి సాధారణంగా మూడేళ్ల వారంటీ ఉంటుంది. కార్డు పట్టుకుని సర్వీస్ సెంటర్‌కి వెళ్తే చాలా చోట్ల మొదట అడిగేది కార్డు కాదు, బిల్లు.